గంటలోపు ఆసుపత్రి: నల్లగొండ నుంచి అలంపూర్ దాకా ఐదు రోజులు

బయలుదేరడానికి ముందు

మా పాపకు తొమ్మిదేళ్ళు. పుట్టుక సమయంలో మెదడుకు ప్రాణవాయువు సరిగా అందక సెరిబ్రల్ పాల్సీ (కండరాల కదలిక అదుపు తప్పే జబ్బు) వచ్చింది. దానితోపాటు ఫిట్స్ ఉన్నాయి. మింగడం రాదు కాబట్టి అన్నమైనా, నీళ్ళయినా, మందయినా పొట్టకు అమర్చిన పెగ్ ట్యూబులోంచే వెళ్ళాలి. గొంతులో చేరిన కఫాన్ని తనంతట తాను దగ్గి బయటికి తేలేదు కాబట్టి సక్షన్ యంత్రం ఎప్పుడూ చేతికందే దూరంలో ఉండాలి. మా ఐదు రోజుల దారి ఈ నాలుగు సంగతులను బట్టే ఏర్పడింది గనుక ముందుగా చెప్పవలసి వచ్చింది.

మా పెద్దబ్బాయికి పదమూడేళ్ళు. వేసవి సెలవులంటే వాడికి మిర్యాలగూడలో అమ్మమ్మ ఇల్లు, అంతే. తండ్రి ఒక్కడే తీసుకువెళ్తానన్నప్పుడల్లా వద్దనేవాడు. కిందటి దసరా సెలవుల్లో మిత్రులు మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి చెట్టు చూసి వచ్చారని చెబుతూ, ‘మనం అందరం కలిసి పోయేది ఎప్పుడమ్మా?’ అని అడిగాడు. ఆ ప్రశ్నలో ఫిర్యాదు లేదు. తేదీ చెప్పమని అడిగినట్లు మాత్రమే ఉంది. అందుకే జవాబు దాటవేయలేకపోయాను.

ఎండాకాలం మాకు పనికిరాదు. పాలమూరు (మహబూబ్‌నగర్) ఎండలో ఒళ్ళు వేడెక్కితే పాపకు ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. డిసెంబరు చలికి ఛాతీలో కఫం పేరుకుంటుందన్న భయం ఉన్నా, దానికి దుప్పటి, నెబ్యులైజరు ఉన్నాయి; ఎండకు మా దగ్గర మందు లేదు. డిసెంబరే నిశ్చయమయింది.

పటం ముందర పెట్టుకొని మావారు మొదట గుర్తు పెట్టినవి ఆసుపత్రులు. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే ముక్కులో మిడజోలం స్ప్రే కొట్టాలి. దానికీ ఆగకపోతే ఆసుపత్రికి చేరాలి. పెగ్ ట్యూబు పొరపాటున ఊడివస్తే పొట్టమీది రంధ్రం కొద్ది గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది. సంచిలో అదనపు ట్యూబు ఉన్నా దానిని ఎక్కించడం మా చేతిలో కాకపోతే ఎవరైనా డాక్టరు దొరకాలి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించి, ఏ క్షణంలోనైనా గంటలోపు ఒక పెద్ద ఆసుపత్రి గుమ్మంలో ఉండగలగాలన్న నియమం పెట్టుకున్నాము. నాగార్జునసాగర్ హిల్ కాలనీలో ఏరియా ఆసుపత్రి ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అలంపూర్‌కు కర్నూలు దగ్గర. అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి రాయలసీమకే పెద్దది. చుక్కలు కలిపితే దారి దానంతట అదే తేలింది.

అత్తమ్మకు మాత్రం శ్రీశైలం వెళ్ళాలని ఉండింది. మన్ననూరు నుంచి దోమలపెంట వరకు నల్లమల అడవి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా చెక్‌పోస్టు దగ్గర వాహనాలను ఆపేస్తారు. లోపల చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు. మా నియమానికి అది పూర్తిగా విరుద్ధం. ‘శ్రీశైలం కాకుంటే అలంపూర్ జోగులాంబ తల్లిని చూద్దాం బిడ్డా, పాప పుట్టినప్పుడు మొక్కుకున్న’ అని ఆమే సర్దుకున్నది. తొమ్మిదేళ్ళుగా ఆ మొక్కు సంగతి నాతో ఒక్కసారి కూడా అనలేదు.

తరువాత వారం రోజులు ఫోన్లు. గది కింది అంతస్తులో ఉందా, గుమ్మం ముందు మెట్లు ఎన్ని, బాత్రూము తలుపు వీల్‌చైర్ పట్టేంత వెడల్పుందా, కరెంటు పోతే జనరేటరు ఉందా అని అడిగితే కొందరు విసుక్కున్నారు. ఒకచోట పాప సంగతి వినగానే ‘మిగతా గెస్టులకు ఇబ్బందవుతుంది మేడం’ అని ఫోను పెట్టేశారు. బాధ కలిగినా, ముందే తెలిసినందుకు సంతోషించాను. రాత్రి ఎనిమిదింటికి సామానుతో గుమ్మం ముందు నిలబడి ఆ మాట వినడం కంటే నయం.

సంచులు రెండు. ఎర్ర సంచిలో ప్రాణానికి సంబంధించినవి: సక్షన్ యంత్రం, కరెంటు లేకపోయినా కాలితో తొక్కి నడిపే మరో సక్షన్ పంపు, పదో నంబరు సక్షన్ గొట్టాలు, అదనపు పెగ్ ట్యూబు, మిడజోలం స్ప్రే, వేలికి పెట్టి రక్తంలో ప్రాణవాయువు శాతం చూసే ఆక్సీమీటరు. నీలం సంచిలో రోజువారీవి: అరవై మిల్లీలీటర్ల సిరంజీలు, వేయించి పట్టించిన రాగిపిండి, చిన్న మిక్సీ, జల్లెడ, కెటిల్, డైపర్లు. మందులను మాత్రం సగం సగం చేసి రెండింటిలోనూ పెట్టాము, ఒక సంచి పోయినా పూట తప్పకుండా. ఫిట్స్ మందుల్లో ఒకటి చీటీ లేనిదే ఇవ్వరు, చీటీ ఉన్నా నల్లగొండలోనే రెండు దుకాణాల్లో తప్ప దొరకదు. అందుకని ఐదు రోజులకు పది రోజుల మందు తీసుకున్నాము. ఒకే కాగితంమీద పాప బరువు, జబ్బు పేరు, మందుల మోతాదులు, పడని మందు, చూసే డాక్టరుగారి నంబరు రాసి, దానికి యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) నకలు జతచేసి, నాలుగు ప్రతులు తీయించి తలా ఒకటి పెట్టుకున్నాము. బరువు ముఖ్యం. కొత్త డాక్టరు మొదట అడిగేది అదే, ఎందుకంటే పిల్లల మందు మోతాదంతా కిలోల లెక్క.

ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా కూడా కారెక్కింది. ఎక్కడికి పోయినా ముందు నీళ్ళెట్లా ఉన్నాయని అడగడం తాగునీళ్ళలో ఫ్లోరైడ్ చూసిన నల్లగొండ వాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అందుకు పాపను సాకుగా చూపనక్కరలేదు.

మొదటి రోజు: నాగార్జునసాగర్

పాపకు ఆహారం ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది గంటలకు. ఒక్కొక్కసారి నలభై నిమిషాలు పడుతుంది. తరువాత కనీసం అరగంట తల ఎత్తుగా ఉంచి కూర్చోబెట్టాలి, లేకపోతే కడుపులోది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందువల్ల మా ప్రయాణంలో ‘ఎన్ని కిలోమీటర్లు’ అన్న ప్రశ్న రాదు. ‘పదింటికి ఎక్కడుంటాం, రెండింటికి ఎక్కడుంటాం’ అన్నదే ప్రశ్న.

ఆరింటి ఆహారం ఇంట్లోనే పట్టి, ఎనిమిదింటికి బయలుదేరి, హాలియా దాటాక పెద్దవూర దగ్గర ఒక వేపచెట్టు నీడన ఆగాము. వెనుక సీటు పైనున్న కొక్కేనికి సిరంజీని రిబ్బనుతో కట్టి వేలాడదీస్తే జావ దాని బరువుకు అదే దిగుతుంది. ఈ ఉపాయం మావారిది. ఇంట్లో రెండు ఆదివారాలు కారును వాకిట్లో నిలబెట్టి సాధన చేశాము. గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, చాలాసేపు చూసి, ‘మంచిగ కడుపు నిండుతదా అమ్మా?’ అని అడిగాడు. నిండుతుందన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. పాపను గురించి అపరిచితులు అడిగే ప్రశ్నల్లో ఇంత సూటిదీ, ఇంత మర్యాద గలదీ నేను వినలేదు.

సాగర్‌లో అబ్బాయికి లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూడాలని ఉంది. సుమారు గంట ప్రయాణం. లాంచీ బయలుదేరిన తరువాత మా కోసం మధ్యలో వెనక్కి తిరగదు. దీవిమీద ఏదైనా జరిగితే మళ్ళీ లాంచీ వచ్చేదాకా ఆగాలి. ఇంట్లో అనుకున్నట్లే తండ్రీకొడుకులు వెళ్ళారు, నేనూ అత్తమ్మా పాపా ఒడ్డున ఉండిపోయాము. అందరం కలిసి వెళ్ళే యాత్రలో మొదటి రోజే ఇద్దరు అటు, ముగ్గురం ఇటు అయ్యామన్న వెలితి ఉన్నది. అయితే ఆ వెలితిని ముందే ఒప్పుకొని వచ్చాము. అబ్బాయికి కూడా ఇంట్లోనే చెప్పాము, అప్పటికప్పుడు లాంచీ దగ్గర చెప్పి ఉసూరుమనిపించలేదు.

వాళ్ళు తిరిగి వచ్చాక సాయంత్రం అందరం బుద్ధవనానికి వెళ్ళాము. 274 ఎకరాల్లో తీర్చిన ఈ వనం 2022లో ప్రారంభమయింది. అంతా చూడాలన్న ఆశ పెట్టుకోకుండా, చదునైన బాటలున్న మేరకు చక్రాల కుర్చీని నడిపించుకుంటూ మహాస్తూపం కనిపించే చోట కూర్చున్నాము. దిగువ వంతెన మీదుగా వస్తూ ఆనకట్ట చూపించి, 26 గేట్లని మావారు చెప్పబోతే, అబ్బాయి ఆపి, 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది అని పాఠం అప్పజెప్పాడు. వాడి గొంతు పెరిగినకొద్దీ పాప నవ్వింది. అన్న గొంతుకే అట్లా నవ్వుతుంది.

రెండవ రోజు: మహబూబ్‌నగర్ దారి, రాత్రి కరెంటు

మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వెళ్ళే జాతీయ రహదారిలో రోజంతా గడిచింది. మల్లేపల్లి దాటాక పదింటి ఆహారం, కల్వకుర్తిలో రెండింటిది. చెప్పుకోదగినదేమీ జరగలేదు, ఇటువంటి ప్రయాణంలో అది చిన్న సంగతి కాదు.

రాత్రి ఒంటిగంటకు లాడ్జిలో కరెంటు పోయింది. నిమిషంలో జనరేటరు చప్పుడు వినిపించింది, లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. సక్షన్ యంత్రం ప్లగ్గు పెడితే మాత్రం పలకలేదు. అప్పుడు తెలిసింది: జనరేటరు ఉందని వాళ్ళు చెప్పింది నిజమే, కాని అది లైట్లకూ ఫ్యాన్లకే, గోడ ప్లగ్గులకు ఆ లైను లేదు. నేను అడిగిన ప్రశ్నలోనే లోపముంది. ‘జనరేటరు ఉందా’ అని అడిగాను. ‘మంచం పక్క ప్లగ్గుకు కరెంటు వస్తుందా’ అని అడగవలసింది. అప్పటికి యంత్రంలోని బ్యాటరీ పగటి ప్రయాణంలో సగం ఖర్చయి ఉంది, పాపకు గొంతులో గరగర మొదలయింది. మావారు కాలి పంపు నేలమీద పెట్టి తొక్కుతుంటే నేను గొట్టం పట్టాను. రెండేళ్ళుగా ఆ పంపును అటకమీంచి దించి తుడిచి మళ్ళీ అటకెక్కించడమే తప్ప వాడిన పాపాన పోలేదు. ఆ రాత్రి మూడుసార్లు పనికివచ్చింది.

చప్పుడు విని కౌంటరు దగ్గర పడుకున్న కుర్రాడు వచ్చి తలుపు తట్టాడు. సంగతి చెబితే, ‘అక్కా, కౌంటర్ల ఇన్వర్టర్ ఉన్నది, వైరు గుంజుకొస్త’ అని ఎక్కడినుంచో పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి, వసారా అంతా లాగి, మా గదిలోకి కలిపాడు. కింది అంతస్తు గది అడిగింది చక్రాల కుర్చీ కోసమే గాని, వైరు అందడానికి కూడా అదే కలిసివచ్చింది. మరునాడు బజారులో మొదట కొన్నది పది మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు.

మూడవ రోజు: పిల్లలమర్రి

నిద్ర చాలకపోతే పాపకు ఫిట్స్ వస్తాయి. అందుకని ఉదయం ఏడింటి మందు వేళకు ఇచ్చి, ఆమెను పదకొండు దాకా పడుకోనిచ్చి, మధ్యాహ్నం రెండింటి ఆహారం కూడా గదిలోనే ముగించి, మూడున్నరకు బయలుదేరాము. ఖాళీగా పోయిన పూటను అబ్బాయి లాడ్జి కుర్రాడితో క్రికెట్ ఆడి సద్వినియోగం చేసుకున్నాడు.

పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్ళంటారు. దాదాపు మూడెకరాల మేర విస్తరించిన ఊడల మధ్య అసలు మాను ఏదో పోల్చడం కష్టం. 2017 డిసెంబరులో కొమ్మ విరగడంతో సందర్శకులను ఆపేశారు. చెదలు లోలోపల తొలిచేశాయని తెలిసి, 2018లో చెదల మందు కలిపిన నీళ్ళను సెలైన్ సీసాల్లో నింపి, కొమ్మలకు వందలకొద్దీ వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. బరువుకు వంగిన కొమ్మల కింద స్తంభాలు కట్టారు. నేలకు దిగే లేత ఊడలను గొట్టాల్లోంచి పోనిచ్చారు. కంచె బయటినుంచి ఆ స్తంభాలను చూస్తూ తండ్రి ఇదంతా చెబుతుంటే, అబ్బాయి చెట్టువైపూ చెల్లెలివైపూ చూసి, ‘దీనికి కూడా పైపులు పెట్టిండ్రా!’ అన్నాడు. ఆ పోలిక వాడిది. దానికి నేనేమీ చేర్చను. నాకు అక్కడ పట్టింది వేరే: కంకరమీద కుర్చీ ముందు చక్రాలు దిగబడిపోవడం. ముందుకు తోస్తే కదలదు. వెనక్కి వంచి, వెనుక చక్రాలమీద, వెనుకకు నడుస్తూ లాగాలి. ఆ భంగిమలో పాపకు ఆకాశం, ఆకులు, ఊడలు తప్ప మరేమీ కనిపించదు. కళ్ళు విప్పార్చుకొని చూస్తూ ఉండిపోయింది. నేనే అలసిపోయి ఆపాను.

నాల్గవ రోజు: అలంపూర్

భూత్పూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లి వంతెనమీద కృష్ణను దాటాము. ఎర్రవల్లి తరువాత దారిపక్కన పదింటి ఆహారం పట్టి, అరగంట కూర్చోబెట్టి, అలంపూర్ చేరేసరికి పన్నెండు కావచ్చింది.

తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మాలయాలు బాదామి చాళుక్యుల నాటివి, క్రీస్తుశకం ఏడు, ఎనిమిదవ శతాబ్దాల్లో కట్టినవి. పేరుకు బ్రహ్మాలయాలైనా అన్నీ శివాలయాలే. పద్నాలుగో శతాబ్దంలో ధ్వంసమైన జోగులాంబ గుడిని 2005లో తిరిగి కట్టారు. ఆవరణలో పరచిన బండలు చదునుగా ఉండడంతో కుర్చీ సులువుగా నడిచింది. గడపల దగ్గర మాత్రం మావారూ అబ్బాయీ చెరో పక్క పట్టుకొని ఎత్తారు. మొదట మొక్కు తీర్చుకోవాలి గనుక అత్తమ్మ వరుసలోకి వెళ్ళింది. మేము స్వర్గబ్రహ్మ ఆలయం నీడన కూర్చున్నాము.

అక్కడ పాపకు ఫిట్ వచ్చింది. మొదట కళ్ళు ఎడమకు తిరిగాయి, తరువాత ఒళ్ళు బిగుసుకుంది. కుర్చీ బెల్టులు విప్పి, దుప్పటి పరచి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. అబ్బాయి నేను చెప్పకముందే గడియారం చూసుకొని నా పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. సమయం లెక్కపెట్టడం ఇంట్లో వాడి పని. మావారు స్ప్రే మూత తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డారు. చుట్టూ జనం చేరారు. ఒకామె తాళంచెవుల గుత్తి తెచ్చి పాప చేతిలో పెట్టబోయింది. ఒకాయన నోట్లో చెంచా పెట్టమన్నాడు. ఇంకొకరు ఉల్లిగడ్డ కోసం పరుగెత్తారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. చేతిలో ఇనుము పెడితే లాభమూ లేదు, నష్టమూ లేదు. నోట్లో ఏదైనా పెడితే మాత్రం పళ్ళు విరగవచ్చు, ఊపిరి అడ్డుపడవచ్చు. అందుకని తాళాలు పెట్టనిచ్చి, ‘నోట్లో ఏమీ పెట్టొద్దన్నా, కొంచెం గాలి ఆడనియ్యండి’ అని బతిమాలాను. ఇది కూడా ముందే ఆలోచించి పెట్టుకున్న మాటే. ఆ సమయంలో వాదన పెట్టుకుంటే చెయ్యవలసిన పని జారిపోతుంది.

‘రెండు నిమిషాలు... రెండు నలభై... మూడు’ అని అబ్బాయి చెబుతూ ఉన్నాడు. మూడు నిమిషాల ఇరవై సెకన్లకు ఒళ్ళు వదులయింది. స్ప్రే అవసరం పడలేదు. నోటిపక్క చేరిన చొంగను సక్షన్‌తో తీసి, ఆక్సీమీటరు పెడితే అంకె 91 దగ్గర మొదలై మెల్లగా 97కు ఎక్కింది. అబ్బాయి జేబులోంచి చిన్న పుస్తకం తీసి తేదీ, సమయం, ఎంతసేపు, ఏ పక్క మొదలయిందో రాసుకున్నాడు. వాడి చేతిరాత వణికింది. ఆ సంగతి అడగలేదు. తాళాల గుత్తిని నేను తిరిగి ఇవ్వబోతే ఆమె, ‘కాసేపు ఉండనియ్యి తల్లీ’ అని పాప పక్కనే కూర్చుంది.

అత్తమ్మ కుంకుమతో తిరిగి వచ్చేసరికి పాప గాఢంగా నిద్రపోతోంది. జరిగినది విని, ముందు ఏడుస్తుందనుకున్నాను. ‘మొన్న రాత్రి కరెంటు లేక నిద్ర చెడింది గద, అందుకే’ అన్నది. నా అనుమానమూ అదే. నిన్న పదకొండు దాకా పడుకోనిచ్చినా ఆ రాత్రి అప్పు తీరినట్లు లేదు.

కర్నూలుకు వెంటనే పోవాలా అని తర్కించుకున్నాము. ఐదు నిమిషాలలోపు ఆగింది, ఊపిరి బాగుంది, మళ్ళీ రాలేదు. ఇటువంటప్పుడు ఆసుపత్రి అవసరం లేదని మా డాక్టరుగారు కాగితంమీద రాసి ఇచ్చినదే. అయినా ఫోను చేసి చెప్పాము. గంటసేపు అక్కడే ఉండమన్నారు. ఆ గంటలో అబ్బాయి తండ్రితో వెళ్ళి తొమ్మిది గుళ్ళూ చుట్టి, తారకబ్రహ్మ నుంచి విశ్వబ్రహ్మ దాకా పేర్లు వరుసగా నేర్చుకొని వచ్చాడు. అలంపూర్‌లో గది దొరికేదే గాని, రాత్రి బసకు ముందే కర్నూలు ఎంచుకున్నాము. తుంగభద్ర దాటి గదికి చేరి, మొదట మంచం పక్క ప్లగ్గు పరీక్షించి, మేనేజరుతో మెయిన్ ఆపించి, జనరేటరు వేయించి చూసుకున్నాము. ఆయన వింతగా చూశాడు. చూడనీ.

ఐదవ రోజు: తిరుగు దారి

కర్నూలు నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా నల్లగొండకు రోజంతా పట్టింది. పాప కొంచెం మందకొడిగా ఉంది. ఫిట్ వచ్చిన మరునాడు ఎప్పుడూ అంతే. రెండింటి ఆహారంలో కొంత తగ్గించి, ఆ మేరకు నీళ్ళు పెంచాము. ఖర్చు లెక్క చూసుకుంటే గదులకన్నా కారుకే ఎక్కువయింది. బస్సయితే చవకే, కాని వేపచెట్టు కింద నలభై నిమిషాలు బస్సు ఆగదు.

రాత్రి పదింటి ఆహారం పట్టాక సిరంజీలు కడిగి ఆరబెడుతుంటే ఒకటి తక్కువ వచ్చింది. పెద్దవూర వేపచెట్టు దగ్గరే మరచిపోయి ఉంటాము. నీలం సంచి ఖాళీచేసి, ఎర్ర సంచిలో వాడిన గొట్టాల స్థానంలో కొత్తవి పెట్టి, పది మీటర్ల వైరును దాని అడుగున చుట్ట చుట్టాను. అబ్బాయి తన పుస్తకంలో నాలుగు రోజుల ఖాళీ పేజీలు నింపుతూ, ‘అమ్మా, లాంచీ ఎక్కని వాళ్ళు ఒడ్డుమీద ఏం చేసిండ్రు? అది కూడా రాయాలె’ అన్నాడు. నానమ్మ, చెల్లె, అమ్మ కలిసి మొక్కజొన్న కంకులు కాల్చే ఆవిడ దగ్గర కూర్చొని నీళ్ళు చూశారని చెప్పాను. అంతేనా అన్నాడు. పాప కంకి కాలే వాసనకు నవ్విందని కూడా రాసుకొమ్మన్నాను.